సూది ఎందుకు, మాత్ర ఎందుకు కాదు

అనంతపురం.

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి జేజినాయన దీవించి వ్రాయునది.

మొన్న సెలవుల్లో, ఉగ్గాని తినబోయే ముందు నేను పొట్టకు సూది వేసుకుంటుంటే చూసి, ఇదే మందును మాత్రగా మింగకూడదా అని అడిగారు. బస్సు తొందరలో సరిగా చెప్పలేకపోయాను.

షుగరు జబ్బుకు నేను వేసుకునే ఆ మందు ఇన్సులిన్, అది ఒక ప్రోటీను. కందిపప్పులోని ప్రోటీన్లను కడుపు, పేగులు ఎలా ముక్కలు చేస్తాయో, మింగిన ఇన్సులిన్‌నూ అలాగే చేస్తాయి. ప్రోటీన్లకు ఇటుకల వంటివి అమైనో ఆమ్లాలు; 21 ఆమ్లాల గొలుసు ఒకటి, 30 ఆమ్లాల గొలుసు ఒకటి జతకూడిన ఆ అమరిక చెదిరితే, అది కణాలకు మోసుకొచ్చే, రక్తంలో గ్లూకోజు పెరిగిందన్న కబురు కూడా పోయినట్లే.

ఆ కబురు పుట్టేది క్లోమంలోని బీటా కణాలలో. మొదట అది 110 ఆమ్లాల పొడవైన గొలుసు. అందులో ముందున్న 24 "ఇది బయటికి పంపవలసిన సరుకు" అని తెలిపే చిరునామా వంటివి, వాటి పని తీరగానే తెగిపోతాయి. ఇటువంటి చిరునామా ప్రోటీనులోనే భాగంగా ఉంటుందని చూపిన శాస్త్రవేత్త గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి వచ్చింది. తరువాత గొలుసు మడతపడి, నడిమి ముక్క తొలగి, తయారైన ఇన్సులిన్ చిన్న తిత్తులలో నిలవ ఉంటుంది. భోజనం తరువాత రక్తంలో గ్లూకోజు పెరిగితే ఆ తిత్తులు కణపొరతో కలిసిపోయి సరుకును వెలుపలికి వదులుతాయి.

నాకు అన్నిటికన్నా వింతగా తోచేది దీని తరువాతి సంగతి. కండరాన్ని చేరిన ఇన్సులిన్ కబురు చెప్పడానికి కణం లోపలికి పోనక్కరలేదు. పొర మీద నిలిచి ఉన్న గ్రాహకాన్ని, అంటే కబురందుకునే ప్రోటీనును, బయటినుంచే పట్టుకుంటుంది. ఆ పట్టుకు గ్రాహకం ఆకారం మారి, లోపలివైపున్న దాని భాగాలు ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకుంటాయి. దానితో లోపలి ప్రోటీన్లు ఒకదాని వెంట ఒకటి కదిలి, కణంలో దాచి ఉంచిన, గ్లూకోజును లోపలికి రానిచ్చే ద్వారాలను పొర మీదికి తెచ్చి అమరుస్తాయి. చుట్టాలొచ్చారని ఎవరో వాకిట్లోంచి కేకవేస్తే, మీ జేజి పొయ్యి వెలిగించడం, నేను చాప పరచడం చూశారు కదా. కేకవేసినవాడు గడప దాటనే లేదు. అదే కేక కాలేయానికి వినబడితే అర్థం వేరు: గ్లూకోజును రక్తంలోకి వదలడం తగ్గించమని.

నా ఒంట్లో చాలా ఏళ్ళు కబురు వచ్చినా కణాలు సరిగా పట్టించుకోలేదు, పోనుపోను క్లోమమూ అలసిపోయింది.

ఇన్సులిన్ రక్తంలో ఒళ్ళంతా తిరిగే కబురు. అన్నీ అంత దూరం పోవు. చిన్నోడు మెట్ల మీద పడి మోకాలు గీరుకున్నప్పుడు, అక్కడ చేరిన ప్లేట్‌లెట్లు వదిలిన ప్రోటీన్లు చుట్టుపక్కల కణాలనే పిలిచి, ఇటు రండి, విభజన మొదలుపెట్టండి అని చెప్పి ఉంటాయి. ఆ పక్కు దానంతట అదే రాలిందో, వాడే గిల్లాడో జాబు వ్రాయండి.

ఇట్లు,
మీ జేజినాయన