ప్రయోగాత్మక స్వరకర్తల కాగితాలు: అపోహలు – వాస్తవాలు

సంగీత పత్రాగారాల్లో పనిచేసేవాళ్లకు ఎదురయ్యే ప్రశ్నల్లో చాలావాటి వెనుక ఒకే నమ్మకం ఉంటుంది. స్వరాలు రాసిన కాగితమే విలువైనదని, మిగిలినదంతా దాని చుట్టూ ఏళ్ల తరబడి పేరుకుపోయిన సామగ్రి అని ఆ నమ్మకం. పాత సింఫనీల విషయంలో ఇది కొంతవరకు నడుస్తుందేమో గాని, 20వ శతాబ్దపు ప్రయోగాత్మక స్వరకర్తల విషయంలో తీరని నష్టం చేస్తుంది. నాణేలు ఎగరేసి స్వరాలను నిర్ణయించినవారు, పియానో తీగల మధ్య బోల్టులు బిగించినవారు, అయస్కాంత టేపును ముక్కలుగా కత్తిరించి అతికించినవారు వదిలివెళ్లిన పెట్టెల్లో ఏది రచన, ఏది రచనకు సరంజామా అన్నది పైపైన చూసి చెప్పగలిగేది కాదు. తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఎత్తుకుని, ఎక్కువగా అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ (1912–1992) కాగితాలను ఉదాహరణగా తీసుకుని, వాటికి సమాధానం రాస్తున్నాను.

అపోహ: ప్రతి రచనకూ ఒక అసలు రాతప్రతి ఉంటుంది, అది దొరికితే మిగిలినవి అక్కర్లేదు.

వాస్తవం: కేజ్ రచనల్లో అందరికీ తెలిసిన, వాద్యకారుడు నాలుగు నిమిషాల 33 సెకన్లపాటు ఏమీ వాయించకుండా ఉండే 4'33" సంగతే చూద్దాం. 1952 ఆగస్టు 29న న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్‌లో, మావెరిక్ కన్సర్ట్ హాల్‌లో పియానిస్టు డేవిడ్ ట్యూడర్ దాన్ని తొలిసారి ప్రదర్శించారు. ఆయన ముందున్న ప్రతిలో మామూలు స్వరలిపి గీతల మీద విరామ చిహ్నాలు మాత్రమే ఉండేవి. ఆ ప్రతి ఇప్పుడు లేదు. అది ఎలా ఉండేదో తర్వాతి కాలంలో ట్యూడరే తన జ్ఞాపకం నుంచి తిరిగి రాసిచ్చారు. 1953లో కేజ్ మరో ప్రతి తయారుచేసి తన మిత్రుడు ఇర్విన్ క్రెమెన్‌కు కానుకగా ఇచ్చారు. అందులో స్వరలిపి గీతలే ఉండవు. తెల్లటి పుట మీద నిలువు గీతలు, ఏడు అంగుళాల వెడల్పు 56 సెకన్లకు సమానమన్న కొలత మాత్రమే ఉంటాయి. ఈ ప్రతి 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు చేరింది. ఆ తర్వాత పీటర్స్ సంస్థ అచ్చువేసిన ప్రతిలో గీతలు కూడా పోయి, మూడు భాగాల అంకెలు, ఒక్కోదాని కింద వాద్యకారుడు మౌనంగా ఉండాలని చెప్పే ‘టాసెట్’ అనే మాట మిగిలాయి.

ఈ ప్రతుల మధ్య తేడా రూపంలోనే ఉందని అనుకుంటే పొరపాటు. క్రెమెన్ ప్రతిలో మూడు భాగాల నిడివి వరుసగా 30 సెకన్లు, 2 నిమిషాల 23 సెకన్లు, 1 నిమిషం 40 సెకన్లు. అచ్చుప్రతిలో అవి 33 సెకన్లు, 2 నిమిషాల 40 సెకన్లు, 1 నిమిషం 20 సెకన్లు. రెండింటినీ కూడితే వచ్చేది 273 సెకన్లే, కానీ లోపలి విభజన వేరు. వీటిలో ఏది అసలైనదో తేల్చడం పత్రాగారం పని కాదు. ప్రతి ఒక్కదాన్నీ విడిగా నమోదు చేసి, అది ఎవరి కోసం, ఎప్పుడు, దేని తర్వాత తయారైందో రాసిపెట్టడమే మా పని.

1957–58లో రాసిన ‘కన్సర్ట్ ఫర్ పియానో అండ్ ఆర్కెస్ట్రా’ ఈ అపోహను ఇంకా బలంగా దెబ్బకొడుతుంది. దానికి అన్ని వాద్యాలనూ ఒకచోట చూపే పూర్తి స్కోరు అంటూ లేదు, విడివిడి వాద్యభాగాలే ఉన్నాయి. పియానో భాగంలో 63 పుటలు, 84 రకాల స్వరలిపి పద్ధతులు ఉంటాయి. వాద్యకారుడు వాటిలో ఎన్నైనా, ఏ వరుసలోనైనా తీసుకోవచ్చు. ట్యూడర్ ఆ పుటలను కొలిచి, లెక్కగట్టి, తాను వాయించడానికి వీలైన ప్రతులను సొంతంగా రాసుకున్నారు. అవి కేజ్ కాగితాల్లో ఉండవు, లాస్ ఏంజెలెస్‌లోని గెటీ పరిశోధనా సంస్థలో ట్యూడర్ కాగితాల్లో ఉంటాయి. ఆ సంగీతం ఆనాడు ఎలా వినిపించిందో తెలుసుకోవాలనుకునేవాళ్లు స్వరకర్త పెట్టెలను మాత్రమే చూసి వెళ్లిపోతే సగమే చూసినట్టు.

అపోహ: లెక్కలు, పట్టికలు, అంకెల జాబితాలు చిత్తుకాగితాలే కనుక వాటిని తీసేసి స్థలం ఆదా చేయవచ్చు.

వాస్తవం: కాగితాలను అప్పగించే కుటుంబసభ్యులు మంచి మనసుతోనే చేసే ఈ పనివల్ల పోయినవి మళ్లీ రావు. 1951 నాటి ‘మ్యూజిక్ ఆఫ్ చేంజెస్’ కోసం కేజ్ చైనా ప్రాచీన గ్రంథం ‘ఐ చింగ్’ పద్ధతిని వాడారు. మూడు నాణేలను ఆరుసార్లు ఎగరేస్తే ఆ గ్రంథంలోని 64 చిహ్నాల్లో ఒకటి వస్తుంది. ఆ సంఖ్యను బట్టి, ముందే సిద్ధం చేసుకున్న పట్టికలోని ఒక గడి ఎంపికవుతుంది. నాదాలకు, నిడివికి, తీవ్రతకు వేర్వేరు పట్టికలుంటాయి. నాదాల పట్టికల్లో 64 గడులకు గాను సగం నిశ్శబ్దాలే.

ఆ పట్టికలు లేకుండా పూర్తయిన స్కోరును మాత్రమే చూసినవారు, ఇదంతా నాణేలే రాశాయని, స్వరకర్త చేసిందేమీ లేదని తేలిగ్గా అనేస్తారు. పట్టికలను ముందు పెట్టుకుంటే ఆ మాట నిలవదు. గడుల్లో ఏ నాదాలు ఉండాలో, ఏ సమూహాలు కలవాలో, ఎన్ని పొరలు ఒకదానిపై ఒకటి రావచ్చో ముందే నిర్ణయించి నింపింది కేజ్. నాణేలు ఎంచింది ఆయన పేర్చినవాటిలోంచే. ఎక్కడ మనిషి నిర్ణయం ముగిసి యాదృచ్ఛికత మొదలైందో చూపగల సాక్ష్యం ఆ ‘చిత్తుకాగితాలు’ తప్ప మరొకటి లేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో లెజారెన్ హిల్లర్‌తో కలిసి 1967–69 మధ్య చేసిన ‘హార్ప్సికార్డ్’ నాటికి నాణేల పని కంప్యూటర్‌కు బదిలీ అయింది. అక్కణ్నుంచి అంకెలు తప్ప ఏమీ లేని ముద్రిత జాబితాలు ఆయన రోజువారీ పనిముట్లయ్యాయి. తెలియనివారి కంటికి అవి ఏదో ఆఫీసు తాలూకు పాత లెక్కల్లా కనిపిస్తాయి. అప్పగించేముందు అలాంటివి ఏరి పారేయాలా అని ఎవరైనా అడిగితే, ఒక్క కాగితం కూడా తీయకండని ప్రాధేయపడతాను.

కొన్నిసార్లు కొలతే రచన అవుతుంది. 1952 నాటి ‘విలియమ్స్ మిక్స్’ ఎనిమిది టేపుల కోసం చేసినది. దాని స్కోరు సుమారు 192 పుటలు, నడిచే సమయం నాలుగు నిమిషాల పైచిలుకు. దర్జీ కాగితం మీద గీసుకునే కత్తిరింపు నమూనా ఎలా ఉంటుందో ఆ స్కోరూ అలా ఉంటుంది. టేపును పుట మీద పరిచి, గీత వెంబడే కోయడానికి వీలుగా అసలు పరిమాణంలో గీశారు. సెకనుకు 15 అంగుళాల వేగంతో నడిచే టేపు గనుక, ఒక్కో పుటలోని 20 అంగుళాలు వినడానికి సెకనున్నర కూడా పట్టదు. అలాంటి పుటను చిన్నది చేసి ఫోటోకాపీ తీస్తే బొమ్మ మిగులుతుంది గాని స్కోరు మిగలదు. అందుకే స్కాన్ చేసేటప్పుడు పుట పక్కన కొలబద్ద పెట్టడాన్ని లాంఛనంగా కాక, పుటలోని సమాచారాన్ని కాపాడే పనిగా చూడాలి.

‘ఫాంటానా మిక్స్’ (1958) ఇంకో రకం చిక్కు. పది పుటలు, పన్నెండు పారదర్శక షీట్లు ఇచ్చి, వాటిని ఒకదానిపై ఒకటి పరిచి గీతలు, చుక్కలు కలిసే చోట్లను చదువుకోమంటారు. వాటిని వరుస అంకెలు వేసి పుస్తకంలా కుట్టించామంటే ఆ రచనను చదవడానికే వీల్లేకుండా చేసినట్టు. షీట్లను విడిగానే ఉంచి, మధ్యలో ఆమ్లరహిత కాగితం పెట్టి, ఎన్ని ఉన్నాయో ఫోల్డరు మీద పెన్సిలుతో రాస్తాము. పాఠకుడు చూసి తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెడతాము.

అపోహ: ఓజలిడ్ ప్రతులు కేవలం నకళ్లు, మూలం ఉంటే వాటితో పనిలేదు.

వాస్తవం: గత శతాబ్దం మధ్యకాలపు స్వరకర్తలు అనేకులు పలుచని, వెలుగు ప్రసరించే కాగితం మీద ఇండియా ఇంకుతో రాసేవారు. దాన్ని కాంతికి స్పందించే కాగితం మీద పరిచి, వెలుగు పంపి, అమ్మోనియా ఆవిరితో ప్రతిబింబాన్ని తేల్చేవారు. అలా తీసినవే ఓజలిడ్ ప్రతులు, ఎన్నైనా తీయవచ్చు. దిద్దుబాటు చేయాల్సివస్తే మూలం మీది ఇంకును బ్లేడుతో గీకేసి, అక్కడే కొత్త స్వరం రాసేవారు. అంటే మూలంలో పాత స్వరం ఉండదు. దిద్దుబాటుకు ముందు తీసిన ఓజలిడ్‌లో మాత్రం అది భద్రంగా ఉంటుంది.

అలాంటి మూలపుటను బల్ల మీద పెట్టి దీపాన్ని పక్కనుంచి, బాగా వాలుగా వేసి చూడండి. మిగతా కాగితం నునుపుగా మెరుస్తుంటే, గీకిన చోట నార లేచి, మసకగా, గరుకుగా కనిపిస్తుంది. దాని మీద పడిన కొత్త ఇంకు అంచులు కాస్త చెదిరి ఉంటాయి. అక్కడ మార్పు జరిగిందని మూలం చెబుతుంది. ఏది మారిందో చెప్పాలంటే పాత ఓజలిడ్ కావాలి. వేర్వేరు వాద్యకారులకు వేర్వేరు సంవత్సరాల్లో ఇచ్చిన ప్రతులు దొరికితే, వాటిని వరుసగా పేర్చి దిద్దుబాట్ల క్రమాన్ని దాదాపు పూర్తిగా తిరిగి కట్టవచ్చు. వాటి మీద వాద్యకారులు పెన్సిలుతో రాసుకున్న, ఏ స్వరాన్ని ఏ వేలితో వాయించాలన్న గుర్తులు, సైగలు అదనం. నా దృష్టిలో మొత్తం పెట్టెలో అన్నిటికంటే ఎక్కువ అన్యాయానికి గురయ్యేవి ఈ ప్రతులే. ఇవి వెలుతురుకు వెలిసిపోతాయి, పక్కనున్న కాగితాలకు మరకలు అంటిస్తాయి. కాబట్టి వేరే ఫోల్డరులోకి మార్చక తప్పదు, కాని మార్చిన ప్రతిసారీ మొదటి చోట ఒక చీటీ పెట్టి, ఏది ఎక్కడికి వెళ్లిందో రాయాలి.

అపోహ: రాతప్రతి మీద తేదీ ఉంటే రచన ఎప్పటిదో తేలిపోయినట్టే.

వాస్తవం: యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న అమెరికన్ స్వరకర్త చార్లెస్ ఐవ్స్ (1874–1954) రాతప్రతుల చుట్టూ జరిగిన చర్చ దీనికి మంచి జవాబు. ఐవ్స్ పాత పుటల మీదే ఏళ్ల తరబడి మార్పులు చేస్తూ పోయారు. ఆయన వేసుకున్న తేదీలను నమ్మవచ్చా అని 1987లో సంగీత చరిత్రకారుడు మేనార్డ్ సోలమన్ గట్టిగా ప్రశ్నించారు. ఆ తర్వాత గేల్ షెర్వుడ్ వంటి పరిశోధకులు తేదీలను పక్కనపెట్టి, స్వరలిపి కాగితం ఏ తయారీదారుది, ఆ రకం ఎప్పటినుంచి అమ్మకంలో ఉంది, చేతిరాత ఏ దశది అని చూసి కాలాన్ని నిర్ణయించారు. ఖాళీ స్వరలిపి కాగితం అడుగున ఉండే తయారీదారు గుర్తును మడతలోనో అతుకులోనో పోనివ్వకూడదని మేము పట్టుబట్టేది అందుకే.

అపోహ: కాగితాలు రాగానే వాటిని రచనల వారీగా, తేదీల వారీగా సర్దాలి.

వాస్తవం: స్వరకర్త వాడుకున్న క్రమం కనిపిస్తున్నంతవరకు దాన్ని చెదరగొట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి సూత్రం. ఒక కచేరీ కార్యక్రమపత్రం, ఒక ఉత్తరం, ఆ ఉత్తరం వెనుక గీసిన వాద్యాల అమరిక బొమ్మ ఒకే కవరులో ఉన్నాయంటే, ఆ మూడింటి మధ్య సంబంధం ఏ కాగితం మీదా రాసి ఉండకపోవచ్చు, కవరే దాన్ని చెబుతుంది. తుప్పుపట్టిన క్లిప్పులను, గుండుసూదులను తీసేయాలి. అవి ఏ కాగితాలను కలిపి ఉంచాయో నమోదు చేసిన తర్వాతే తీయాలి.

చేతులకు తెల్లటి నూలు గ్లౌజులు తొడుక్కోవాలన్న మాట కూడా ఈ సందర్భంలోనే వస్తుంది. కాగితానికి అవి మేలు చేయవు. వేళ్ల స్పర్శ మొద్దుబారి పుటల అంచులు చిరుగుతాయి. శుభ్రంగా కడిగి, బాగా ఆరబెట్టుకున్న చేతులే మంచివి. గ్లౌజులు ఫోటోలకు, నెగెటివ్‌లకు కావాలి.

అపోహ: టేపులను డిజిటల్ చేసేస్తే అసలు రీళ్లను పారేయవచ్చు. అంటుకుపోయిన టేపును వేడిచేస్తే బాగుపడుతుంది.

వాస్తవం: రెండో మాట సగమే నిజం, ఆ సగం ప్రమాదకరం. 1970, 80 దశకాల్లో తయారైన చాలా పాలియెస్టర్ టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే పాలీయురితేన్ బంధకం గాలిలోని తేమను పీల్చుకుని జిగటగా మారుతుంది. అలాంటివాటిని సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి ఉంచితే, ఒకసారి నడిపి డిజిటల్ చేసుకునేంతకాలం కుదుటపడతాయి. అంతకు ముందుతరం ఎసిటేట్ టేపులను వేడిచేస్తే మాత్రం పాడైపోతాయి. వాటి సమస్య వేరు, వెనిగర్ వాసన దాని గుర్తు. రీలును దీపానికి అడ్డంగా పెడితే చుట్టల మధ్యనుంచి వెలుగు లోపలికి వచ్చేది ఎసిటేట్, నల్లగా అడ్డుకునేది పాలియెస్టర్. అనుమానం ఉంటే ముట్టుకోకుండా నిపుణులకు పంపడమే మేలు.

డిజిటల్ ఫైలులో శబ్దం ఉంటుంది. అతుకులు ఎక్కడ ఉన్నాయి, ఏ కోణంలో కోశారు, శబ్దం లేని రంగు ముక్క అయిన లీడర్ టేపు ఎక్కడ మొదలైంది, పెట్టె మూత మీద ఏ వేగం రాసి ఉందన్నవి ఫైలులోకి రావు. టేపు సంగీతం చేసిన స్వరకర్తకు ఆ అతుకే చేతిరాత.

అపోహ: ఒక స్వరకర్త కాగితాలన్నీ ఒకేచోట ఉంటాయి, వాటిని దాచిన సంస్థకే హక్కులన్నీ ఉంటాయి.

వాస్తవం: కేజ్ సంగీత రాతప్రతులు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో, ఉత్తరాలు నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో, ఆయన రాసిన వ్యాసాలకు సంబంధించినవి వెస్లియన్ విశ్వవిద్యాలయంలో, పుట్టగొడుగుల అధ్యయనానికి సంబంధించినవి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ శాఖలో ఉన్నాయి. ఆయన ట్రస్టు బార్డ్ కాలేజీలో ఉంది. ట్యూడర్ కాగితాలు గెటీలో ఉంటే, ఆయన చేత్తో తయారుచేసుకున్న ఎలక్ట్రానిక్ పరికరాలు వెస్లియన్‌లో ఉన్నాయి. ఒక్క రచనను అర్థం చేసుకోవడానికి పరిశోధకుడు రెండు మూడు ఊళ్లు తిరగాల్సివస్తుంది.

కాగితం మీద యాజమాన్యం వేరు, కాపీరైటు వేరు. గ్రంథాలయం ఒక పుటను చూడనివ్వగలదు. దాన్ని అచ్చువేసుకోవడానికి హక్కుదారుల అనుమతి కావాలి. స్వరకర్తకు వచ్చిన ఉత్తరమైతే, కాగితం స్వరకర్తదైనా అందులోని వాక్యాలపై హక్కు రాసినవారిది. అనుమతి అడిగే లేఖలో సంస్థ పేరు, పెట్టె, ఫోల్డరు సంఖ్యలు కచ్చితంగా రాస్తే జవాబు త్వరగా వస్తుంది.

అపోహ: ఈ పనంతా స్వరకర్త మరణించాక మొదలుపెట్టవచ్చు.

వాస్తవం: కాగితం కొంతకాలం ఓపిక పడుతుంది, ఫ్లాపీ డిస్కు పట్టదు. పాత స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైలు తెరుచుకోవాలంటే ఆ సాఫ్ట్‌వేర్ పేరు, ఏ వెర్షన్, ఏ యంత్రం అన్నవి తెలియాలి. సింథసైజర్ అమరికల వివరాలు తరచుగా ఒక్క మనిషి బుర్రలోనే ఉంటాయి. స్వరకర్త పక్కన కూర్చుని ఒక్కో పెట్టె తెరిచి, ఆయన చెప్పేది రికార్డు చేయడం ఇప్పుడే చేయాలి. డిస్కులను ముందుగా రాతకు వీల్లేకుండా చేసే పరికరానికి తగిలించి, డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా నకలు తీసుకున్నాకే లోపలి ఫైళ్లను తెరవాలి. లేకపోతే తెరిచిన క్షణంలోనే ఫైలు తేదీలు మారిపోయే అవకాశం ఉంది.