డిక్లేర్ అంటే ప్రకటించడమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లిష్ చెప్పేవాళ్లకు ఏ బ్యాచ్‌లోనూ తప్పని బెడద ఈ క్రియ. 'డిక్లేర్ అంటే ప్రకటించు' అని బట్టీ పట్టి వస్తారు. అర్థం తప్పేం కాదు, కానీ దాంతోనే పని జరగదు.

అపోహ: డిక్లేర్, అనౌన్స్ రెండూ ఒకటే. ఏది వాడినా నడుస్తుంది.

వాస్తవం: కొన్నిచోట్ల నడుస్తుంది. ఎన్నికల ఫలితం దగ్గర మాత్రం తేడా తెలుస్తుంది. ఓట్ల లెక్కింపు సగంలో ఉండగానే ఫలానా అభ్యర్థి గెలిచాడని టీవీ యాంకర్ అనౌన్స్ చేసేయొచ్చు. డిక్లేర్ చేయాల్సింది రిటర్నింగ్ అధికారి. అప్పటిదాకా చట్టం లెక్కలో ఎవరూ గెలవనట్టే. అనౌన్స్ ఉన్న కబురును పదిమందికీ చేరవేస్తుంది. డిక్లేర్, అధికారం ఉన్నవాళ్ల నోట వచ్చినప్పుడు, ఆ కబురునే పుట్టిస్తుంది. ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఆతిథ్య దేశాధినేత 'ఐ డిక్లేర్ ఓపెన్ ద గేమ్స్ ఆఫ్...' అంటారు. ఆ వాక్యం ఒలింపిక్ చార్టర్‌లోనే రాసిపెట్టి ఉంది. స్టేడియంలో మైకు పట్టుకున్న అనౌన్సర్ అదే మాట పదిసార్లు అన్నా ఆటలు మొదలైనట్టు కాదు.

అపోహ: 'ద రిజల్ట్స్ డిక్లేర్డ్ ఎస్టర్డే' సరైన వాక్యమే.

వాస్తవం: కాదు. నేను ఎక్కువగా ఎర్రసిరా ఖర్చుపెట్టేది ఇక్కడే. 'రిజల్ట్స్ డిక్లేర్ అయ్యాయి' అని తెలుగులో హాయిగా అంటాం. ఆ 'అయ్యాయి' అలవాటుతో ఇంగ్లిష్‌లో 'వర్' ఎగిరిపోతుంది. ఫలితాలు తమను తాము డిక్లేర్ చేసుకోలేవు, ఎవరో చేయాలి. కాబట్టి 'ద రిజల్ట్స్ వర్ డిక్లేర్డ్' అనాలి.

'మరి క్రికెట్‌లో ఇండియా డిక్లేర్డ్ అంటారు కదా సార్' అని వెనక బెంచీ నుంచి ప్రశ్న వస్తుంది. మంచి ప్రశ్నే. అక్కడ ఆ పని చేసింది ఇండియానే. 'డిక్లేర్డ్ ద ఇన్నింగ్స్ క్లోజ్డ్' అన్న నిండు వాక్యంలో తోక రాలిపోయి అంత మిగిలింది.

ఇదే కోవలో ఇంకొన్ని. 'హి డిక్లేర్డ్ మి దట్' తప్పు, 'డిక్లేర్డ్ టు మి దట్' ఒప్పు. 'దే డిక్లేర్డ్ హర్ ద విన్నర్' అంటే చాలు, మధ్యలో 'యాజ్' అక్కర్లేదు. అదే అనౌన్స్ అయితే 'అనౌన్స్డ్ హర్ యాజ్ ద విన్నర్' అనాలి. 'డిక్లేర్ అబౌట్' జోలికి అసలు వెళ్లొద్దు.

అపోహ: క్రికెట్‌లో డిక్లేర్ చేయడమంటే చేతులెత్తేయడం.

వాస్తవం: ఇంకా వికెట్లున్నా ఇక బ్యాటింగ్ చాలని ఇన్నింగ్స్ ముగించడమే ఇక్కడ డిక్లేర్. చాలాసార్లు పైచేయి ఉన్న జట్టే ఆ పని చేస్తుంది. 2004లో ముల్తాన్ టెస్టులో కెప్టెన్సీ చేస్తున్న ద్రవిడ్ స్కోరు 675/5 ఉండగా డిక్లేర్ చేశాడు. అప్పటికి సచిన్ 194 నాటౌట్, డబుల్ సెంచరీకి ఆరు పరుగుల దూరం. (అది న్యాయమా అని క్లాసులో వాదన మొదలైతే ఆ రోజు పాఠం గోవిందా.) అవతలి కెప్టెన్‌కూ అంపైర్లకూ ఒకసారి చెప్పాక ఆ నిర్ణయం మార్చుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు.

అపోహ: ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేస్తే సుంకం కట్టి తీరాలి.

వాస్తవం: డిక్లేర్ చేయడమంటే తెచ్చింది దాచకుండా చెప్పడం. లాటిన్ మూలం 'క్లారుస్', అంటే స్పష్టమైనది. మనం రోజూ వాడే 'క్లియర్' కూడా దాని సంతానమే. సుంకం పడుతుందా లేదా అన్నది ఆ తర్వాత తేలే లెక్క. గల్ఫ్ నుంచి శంషాబాద్‌లో దిగి, నోరు మెదపకుండా గ్రీన్ చానెల్ (సుంకం పడే సరుకేదీ లేనివాళ్ల దారి) గుండా నడిచి వెళ్లినా సరే, 'చెప్పాల్సిందేమీ లేదు' అని డిక్లేర్ చేసినట్టే.

అపోహ: ప్రోగ్రామింగ్‌లో వేరియబుల్‌ను (విలువ దాచుకునే పేరును) డిక్లేర్ చేయడమంటే దానికి విలువ ఇవ్వడం.

వాస్తవం: సి భాషలో పేరు, రకం చెబితే డిక్లేర్ చేసినట్టే. విలువ తర్వాతైనా ఇవ్వొచ్చు.

అపోహ: డిక్లేర్ అనేస్తే ఇక అయిపోయినట్టే.

వాస్తవం: రమ్మీ ఆడేవాళ్లను అడగండి. అక్కడ డిక్లేర్ అంటే ముక్కలన్నీ కలిశాయని చెప్పి ఆట ముగించడం. ముక్కలు కలవకుండా డిక్లేర్ కొడితే 80 పాయింట్లు నెత్తిన పడతాయి.