చెత్తతో అసలు చిక్కంతా కలిసిపోవడమే

రీసైక్లింగ్ అనగానే పెద్ద పెద్ద ఫ్యాక్టరీలూ మెషీన్లే గుర్తొస్తాయి గానీ, ఒక వస్తువు మళ్ళీ పనికొస్తుందా లేదా అన్నది చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది, దాన్ని ఏ డబ్బాలో పడేశామన్న దాన్ని బట్టి. పాత న్యూస్‌పేపర్ పొడిగా ఉన్నంతసేపు మంచి ముడిసరుకు. అదే పేపర్ మీద మిగిలిన తిండో నూనో పడిందంటే ఇక ఏ మిల్లు వాళ్ళూ దాన్ని తీసుకోరు.

దీనికి కారణం చాలా సింపుల్. ఉప్పూ పంచదారా కలిపేయడానికి ఒక్క క్షణం చాలు, మళ్ళీ విడదీయమంటే ఎంత అవస్థో ఆలోచించండి. చెత్త విషయంలోనూ అంతే, కలవడం దానంతటదే జరిగిపోతుంది, విడదీయాలంటే కరెంటు, నీళ్ళు, మనుషుల కష్టం అన్నీ కావాలి. అందుకే నా మటుకు నాకు, తడి చెత్తని పొడి చెత్తలో కలవనివ్వకుండా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే, మిగతా రూల్స్ అన్నీ దాని తర్వాతే.

పేపర్ సంగతే చూద్దాం. మిల్లులో పాత కాగితాన్ని నీళ్ళలో వేసి బాగా చిలికి గుజ్జు చేస్తారు, పీచు విడిపోతుంది, పిన్నులూ టేపు ముక్కలూ వడకట్టేస్తారు, సిరా కూడా చాలావరకు తీసేస్తారు. నూనె మాత్రం పీచుని పట్టుకుని వదలదు, కొత్త కాగితం మీద మచ్చలుగా కనిపిస్తుంది. పైగా కాగితం ఎల్లకాలం తిరుగుతూ ఉండదు, గుజ్జు చేసిన ప్రతిసారీ పీచు పొట్టిగా అయిపోతుంది, మామూలుగా 5 నుంచి 7 సార్లకి దాని పని అయిపోతుంది.

ఇక తడి చెత్త. తొక్కలేగా, ఎక్కడ పడేసినా మట్టిలో కలిసిపోతాయి అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ గాలి తగులుతుందా లేదా అన్నదాని మీద మొత్తం కథ మారిపోతుంది. గాలి ఆడే కంపోస్టు కుప్పలో సూక్ష్మజీవులు ఎంత చురుగ్గా పనిచేస్తాయంటే పెద్ద కుప్ప లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీల దాకా వెళ్తుంది, చివరికి మంచి ఎరువు మిగులుతుంది. అవే తొక్కలు డంపింగ్ యార్డులో చెత్త గుట్ట అడుగున పడితే అక్కడ గాలి ఉండదు కాబట్టి వేరే రకం సూక్ష్మజీవులు పని మొదలుపెట్టి మీథేన్ వదుల్తాయి. వందేళ్ళ లెక్కలో చూస్తే ఈ మీథేన్ అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది, 20 ఏళ్ళ లెక్కలో అయితే 80 రెట్లు. తొక్కల దగ్గర అంత ఉందా అంటే ఉంది మరి. ఇంట్లో కంపోస్టు చేసేవాళ్ళకి ఒక మాట, కుప్ప వాసన కొడుతోందంటే తడి ఎక్కువై గాలి ఆడట్లేదని అర్థం, ఎండుటాకులు వేసి ఒకసారి తిరగేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఇప్పుడు ఒక నీళ్ళ బాటిల్ చేతిలోకి తీసుకుని చూడండి. ఒకే వస్తువులా కనిపిస్తుంది గానీ బాటిల్ పెట్ అనే ప్లాస్టిక్, మూత మామూలుగా హెచ్‌డీపీఈ లేదా పాలీప్రొపిలీన్ అనే వేరే రకం ప్లాస్టిక్. ప్లాంట్‌లో దీన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, కడిగి, నీళ్ళ తొట్టిలో వేస్తారు. పెట్ నీళ్ళ కంటే బరువు, నీళ్ళ సాంద్రత 1 అయితే దానిది 1.38 దాకా ఉంటుంది, మునిగిపోతుంది. మూత ముక్కలు నీళ్ళ కంటే తేలిక, పైకి తేల్తాయి. ఏ కెమికలూ లేకుండా ఒట్టి నీళ్ళతో రెండూ విడిపోతాయి, ఇది నాకు భలే నచ్చే విషయం. కానీ అదే తొట్టిలోకి పీవీసీ, అంటే పైపుల్లో వాడే ప్లాస్టిక్, ముక్కలు వచ్చాయంటే అవీ పెట్‌తో పాటే అడుక్కి పోతాయి. పెట్ కరగాలంటే దాదాపు 250 డిగ్రీలు కావాలి, ఆ వేడికి పీవీసీ పాడైపోయి యాసిడ్ ఆవిరి వదుల్తుంది, దాంతో పెట్ పసుపెక్కి పెళుసుగా అయిపోతుంది. కొంచెం పీవీసీ చాలు, చాలా పెట్ పాడవ్వడానికి.

ప్లాస్టిక్ అడుగున బాణాల ముక్కోణంలో నంబర్ ఉంటుంది కదా, అది చూసి ఇది రీసైకిల్ అవుతుంది అనుకోకండి. ఆ బాణాల గుర్తు 1970లో గ్యారీ ఆండర్సన్ అనే అమెరికా స్టూడెంట్ రీసైకిల్ చేసిన కాగితం కోసం గీసింది, ప్లాస్టిక్ కంపెనీల సంఘం 1988లో అలాంటి బాణాల మధ్య 1 నుంచి 7 వరకు నంబర్లు పెట్టింది. నంబర్ చెప్పేది అది ఏ రకం ప్లాస్టిక్ అన్నది మాత్రమే. ఎక్కువ చోట్ల నిజంగా తీసుకునేవి 1, 2, కొన్ని చోట్ల 5. 2015 వరకు ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్త మొత్తంలో రీసైకిల్ అయింది 9 శాతమేనని 2017లో వచ్చిన ఒక పెద్ద స్టడీ లెక్కేసింది. లోపల వెండిలా మెరిసే ప్యాకెట్లయితే ప్లాస్టిక్ పొరలూ అల్యూమినియం పూతా అతుక్కుని ఉంటాయి, వాటిని విడదీయడం దాదాపు ఎవరివల్లా కావట్లేదు. తీసుకుంటారేమోలే అని ఇలాంటివి రీసైక్లింగ్ డబ్బాలో వేస్తే పక్కనున్న మంచి సరుకు కూడా పాడవుతుంది, కాబట్టి డౌట్ ఉంటే వేయకపోవడమే మంచిది.

లోహాలతో ఇంత తలనొప్పి లేదు. ఇనుముని అయస్కాంతం లాగేస్తుంది, అల్యూమినియం క్యాన్ కరిగించి మళ్ళీ వాడితే ఖనిజం నుంచి కొత్తగా తీయడంతో పోలిస్తే దాదాపు 95 శాతం ఎనర్జీ మిగులుతుంది. గాజు కూడా ఎన్నిసార్లయినా తిరుగుతుంది, పింగాణీ ముక్కలు కలవనంత వరకు.

ఏ చెత్త డబ్బాలోనూ వేయకూడనివి బ్యాటరీలు. పాత ఫోన్లలో, ఇయర్‌ఫోన్లలో, పిల్లల బొమ్మల్లో ఉండే లిథియం బ్యాటరీ చెత్త లారీలో నలిగితే లోపల షార్ట్ అయ్యి మంట అంటుకోవచ్చు, చుట్టూ కాగితమూ ప్లాస్టిక్కూ ఉంటాయి కాబట్టి లారీ మొత్తం తగలబడొచ్చు, దాని పక్కన పనిచేసే మనుషులుంటారు. కాబట్టి బ్యాటరీ రెండు చివర్లకీ టేపు అంటించి విడిగా ఒక డబ్బాలో దాచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వండి.