ఉక్కు స్లాగ్‌ని సిమెంట్‌లో కలపాలంటే ముందు దాని పొంగు తగ్గించాలి

స్లాగ్ (కొలిమిలో కరిగిన లోహం నుంచి వేరుపడే చిట్టెం) కలిపిన సిమెంట్ అనగానే చాలామంది రెండు వేర్వేరు పదార్థాలను ఒకే గాటన కట్టేస్తారు. ఇనుప ఖనిజాన్ని కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో వచ్చే స్లాగ్ ఒకటి, ఆ ఇనుమును ఉక్కుగా మార్చేటప్పుడు వచ్చేది ఇంకొకటి.

మొదటిదాని సంగతి ఎప్పుడో తేలిపోయింది. కరిగి ఉండగానే నీళ్లు జోరుగా కొట్టి చల్లారిస్తే స్ఫటికాలు కట్టే టైమ్ దొరక్క గాజు రేణువుల్లా మారుతుంది, దాన్ని మెత్తగా నూరి సిమెంట్‌లో కలిపితే నెమ్మదిగానే అయినా బాగా గట్టిపడుతుంది. జర్మనీలో ఎమిల్ లాంగెన్ ఈ గుణాన్ని 1862లోనే గుర్తించాడు. ఈ కాంక్రీట్‌కి సెంట్రింగ్ విప్పగానే ఒక్కోసారి నీలి ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, అది స్లాగ్‌లోని సల్ఫైడ్ల వల్ల వచ్చే రంగు, గాలి తగిలేకొద్దీ పోతుంది.

చిక్కంతా రెండోదానితోనే. ఉక్కు స్లాగ్‌ని మామూలుగా నెమ్మదిగా చల్లారనిస్తారు కాబట్టి స్ఫటికాలు కట్టి మొండిగా తయారవుతుంది, పైగా అందులో కలవకుండా మిగిలిపోయిన సున్నం, మెగ్నీషియం ఆక్సైడ్ ఉంటాయి. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే ఎలా పొంగి విచ్చుకుపోతుందో, ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే గట్టిపడిన కాంక్రీట్ లోపల. నీటితో కలిసిన సున్నం పరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది చాలా నెమ్మదిగా స్పందిస్తుంది, అన్నీ బాగానే ఉన్నాయనుకున్న కొన్నేళ్లకు పగుళ్లు తెస్తుంది. అందుకే పరీక్షించని ఉక్కు స్లాగ్‌ని కంకర బదులు వాడేయడం నాకు అస్సలు నచ్చదు.

అలాగని పారబోయడమూ తప్పే. సిమెంట్ క్లింకర్ (నూరితే సిమెంట్ అయ్యే గడ్డలు) కోసం సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల సెల్సియస్‌లో కాలుస్తారు, అప్పుడు రాయిలోంచే బోలెడు కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7, 8 శాతం సిమెంట్‌దే. ఉక్కు స్లాగ్‌లో ఉన్న సున్నం ఎలాగూ ఒకసారి కాలిపోయిందే, దాన్ని వాడుకుంటే ఆ మేరకు కొత్తగా రాయి కాల్చే పని తప్పుతుంది.

పొంగు తగ్గించడానికి స్లాగ్‌ని నెలల తరబడి ఎండకూ వానకూ వదిలేస్తారు, లేదా ఆవిరి పట్టిస్తారు. నాకు ఎక్కువ ఆశ కలిగించేది మాత్రం కార్బన్ డయాక్సైడ్ పట్టించే పద్ధతి: మిగిలిపోయిన సున్నం ఆ వాయువును పీల్చుకుని కార్బొనేట్‌గా మారిపోతుంది, పొంగే గుణమూ తగ్గుతుంది. కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఇంకో దారి పట్టారు. పాత కాంక్రీట్‌లోంచి వేరుచేసిన సిమెంట్ ముద్దనే, పాత ఉక్కును కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో సున్నం బదులు వేసి, వచ్చిన స్లాగ్‌ని వేగంగా చల్లారిస్తే క్లింకర్ లాంటి పదార్థమే తయారవుతుందని 2024లో ప్రచురించారు. అంటే స్లాగ్ బయటికొచ్చాక తంటాలు పడకుండా, కొలిమిలో ఉండగానే దాన్ని సిమెంట్‌కి పనికొచ్చేలా మలచడమన్నమాట.