మేడ మీద రెండో డీబీ ఎందుకంటే

పిల్లలూ,

దసరాకు మీరు వచ్చేసరికి మేడ మీద మెట్ల పక్క గోడకు ఒక తెల్ల డబ్బా కనిపిస్తుంది. అదే డీబీ, ఇంట్లోకి వచ్చిన కరెంటును ఒక్కొక్క లైనుకు పంచే స్విచ్చుల డబ్బా. ముందే రాస్తున్నా, ఎందుకంటే చిన్నోడు ఏ డబ్బా చూసినా మూత తీసిందాకా ఊరుకోడు. ఫోటో పంపితే పెద్దది "కింద ఒక డీబీ ఉంది కదా తాతా, మళ్లీ ఇదెందుకు?" అని మెసేజ్ పెట్టింది. ఫోన్లో చెప్తే సగంలోనే మీ అమ్మ లాక్కుంటుంది, అందుకే ఈ ఉత్తరం.

మిర్యాలగూడలో పుట్టినోళ్లకు కాల్వల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు నేరుగా ఎవరి మడిలోకీ రావు, మేజరు అనే పెద్ద పాయలోకి వచ్చి, మైనరు అనే చిన్న పాయలోకి తిరిగి, తూము దాటి వస్తాయి, ఒక మైనరుకు గండి పడితే దాని షట్టరు దించుతారు తప్ప మొత్తం కాల్వను ఎండబెట్టరు. కింది డీబీ మేజరు, పైది మైనరు. పైన గీజరులో తేడా వస్తే పైన మాత్రమే ఆగుతుంది, కింద నానమ్మ మిక్సీ నడుస్తూనే ఉంటుంది.

అసలు అవసరం ఎక్కడ వచ్చిందంటే, పైన కొత్తగా కట్టిన రెండు గదుల్లో ఏసీ సుమారు 1600 వాట్లు, గీజరు 2000, వాషింగ్ మెషిన్, ఫ్యాన్లు, లైట్లు కలిపి ఇంకో వెయ్యి అనుకోండి. మొత్తం 4600 వాట్లు. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే 20 ఆంపియర్లు. మేస్త్రికి తెలిసిన కుర్రాడొకడు వచ్చి "వంటింటి ప్లగ్గు లైను నుంచే పైకి లాగేస్తా, గంట పని" అన్నాడు. ఆ లైనులో ఉన్నది 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, దాని ఎంసీబీ, అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తనే పడిపోయే స్విచ్చు, 16 ఆంపియర్లది. అట్లా లాగితే వంటింటి వస్తువులతో పాటు పైన ఏసీ, గీజరు, వాషింగ్ మెషిన్ అన్నీ కలిసి నడిస్తే కాసేపటికి అది పడిపోతుంది. పడిపోతే మనవాళ్లు ఏం చేస్తారు? "ఎంసీబీ వీక్ అయింది" అని 32 ఆంపియర్లది తెచ్చి బిగిస్తారు. అప్పుడిక అది పడదు, గోడ లోపల వైరు కాలుతుంది.

ఇది బాగా అర్థం చేసుకోండి. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. లోపల రెండు లోహాలు అతికించిన చిన్న పట్టీ ఉంటుంది, ఎక్కువ కరెంటు కాసేపు పారితే అది వేడెక్కి వంగి స్విచ్చును పడేస్తుంది. షార్ట్ సర్క్యూట్ అయితే అంతసేపు ఆగదు, పక్కనే ఉన్న తీగచుట్ట అయస్కాంతమై ఒక్క దెబ్బకు లాగేస్తుంది. అందుకే వైరు మందాన్ని బట్టే ఎంసీబీ ఉండాలి, మన అవసరాన్ని బట్టి కాదు.

ఆ కుర్రాడిని పంపించేసి, వైర్‌మన్ పర్మిట్ ఉన్న ఒకాయనను పిలిచాం. ఆయన స్క్రూడ్రైవర్ తీయకముందే కరెంటు బిల్లు అడిగాడు. మంజూరైన లోడు ఎంత, వాడబోయేది ఎంత అని లెక్క వేసి, ముందు కరెంటు కంపెనీ టీజీఎస్పీడీసీఎల్‌కు లోడు పెంచమని దరఖాస్తు పెట్టండి అన్నాడు. పెట్టాం, డబ్బులు కట్టాం, అది అయ్యాకే పని మొదలైంది. పైకి వెళ్లే మెయిన్ వైరుకు 6 స్క్వేర్ చాలు కదా అని నేనంటే, "మే నెలలో మన శ్లాబు ఎట్లా కాలుతదో తెలుసు కదా సార్, ఆ వేడిలో పైపులో ఉన్న వైరు మోసే కరెంటు తగ్గిపోతది" అని 10 వేశాడు. దానికి కింది డీబీలో 32 ఆంపియర్ల ఎంసీబీ.

పని రోజు నాకు బాగా నచ్చింది ఇది. మెయిన్ ఆపి ఊరుకోలేదు, మీటరు దగ్గరి కటౌట్ల ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. ఎవరైనా తెలియక మెయిన్ ఎత్తినా కరెంటు రాదు. తర్వాత ఇన్వర్టర్ కూడా ఆపించాడు, ఎందుకంటే బయట కరెంటు లేకపోయినా దాని నుంచి వైర్లలోకి వస్తుంది. ఇంత చేశాక కూడా ముందు టెస్టర్ పెట్టి చూసిన తర్వాతే వైరు పట్టుకున్నాడు.

ఇప్పుడు న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు. మనది త్రీ ఫేజ్ మీటరు, కరెంటు తెచ్చే వైర్లు, అంటే ఫేజులు, మూడు. ఒక్కో ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య దాదాపు 400. కింది డీబీలో మెయిన్ న్యూట్రల్ స్క్రూ లూజై ఊడిందనుకోండి, ఆ 400 ఇంట్లో వస్తువుల మధ్య అడ్డదిడ్డంగా పంచుకోబడుతుంది, తక్కువ లోడు ఉన్న ఫేజు మీద వోల్టేజీ ఎగిరిపోయి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. "న్యూట్రల్ పోయి వాడకట్టంతా టీవీలు పోయినయ్" అని ఊళ్లలో అనేది ఇదే. అందుకే ఆయన వైరు కొసలకు లగ్గులనే లోహపు తొడుగులు వేసి, బిగించి, ఒక్కొక్కటీ లాగి చూశాడు. పనంతా ఒకెత్తు, ఆ లాగి చూడటం ఒకెత్తు.

పై డీబీలో న్యూట్రల్‌కు ఒక పట్టీ, ఎర్త్‌కు వేరే పట్టీ ఉంటాయి, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. అక్కడే ఆర్‌సీసీబీ అనే ఇంకో రక్షణ స్విచ్చు ఉంది. ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేవా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, ఎక్కడో కరెంటు దారి తప్పి, బహుశా ఎవరి ఒంటి గుండానో, నేలకు పోతోందని లెక్క, వెంటనే పడిపోతుంది. న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపేస్తే ఈ లెక్కంతా తప్పుతుంది, గీజరు, వాషింగ్ మెషిన్ ఇనుప ఒంట్లోకి కూడా కరెంటు రావచ్చు. పచ్చ వైరును విడిగా ఎర్త్ గుంత దాకా తెచ్చింది అందుకే. మనది రాతి నేల, ఎండాకాలం ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదు, కాబట్టి గుంతలో నీళ్లు పోసే పని మీ చిన్నాయనది.

మీకూ పని ఉంచాను. డీబీలో ఏ స్విచ్చు దేనిదో ఇంకా రాయలేదు. మూత మీది చిన్న తలుపు తెరవొచ్చు, స్క్రూలు మాత్రం ముట్టొద్దు. ఒకరు ఒక్కొక్క స్విచ్చు దించాలి, ఇంకొకరు గదుల్లో తిరుగుతూ ఏం ఆగిందో అరిచి చెప్పాలి, పెద్దది తెలుగులో రాసి అంటించాలి. చివర్లో ఆర్‌సీసీబీ మీద 'టి' అని ఉన్న బటన్ నొక్కండి, టప్పున పడితే మంచిగున్నట్టు, పడకపోతే నాకు చెప్పండి. వచ్చేటప్పుడు స్కెచ్ పెన్ను తెచ్చుకోండి, ఇక్కడున్నవన్నీ ఎండిపోయినయ్.

మీ తాత,
మిర్యాలగూడ