గ్యాస్ బండలో చివరి కిలో

గ్యాస్ ఎంత మిగిలిందో చూడాలంటే మా అమ్మ బండను ఊపదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా తడిగుడ్డతో బండను పైనుంచి కిందదాకా ఒకసారి తుడిచి, కూరగాయలు తరుక్కుంటూ కూర్చుంటుంది. కాసేపటికి పైభాగం ఆరిపోతుంది, కింద చెమ్మ అలాగే ఉంటుంది. ఆ హద్దు దగ్గర గోటితో గీసి "ఇంకో వారం వస్తుందిలే" అంటుంది. సాధారణంగా వస్తుంది కూడా.

గీతకు కింద ఉన్నది ద్రవం, పైన ఉన్నది ఆవిరి. పొయ్యికి వెళ్లేది ఆవిరే. అది వెళ్లిన కొద్దీ ద్రవం మళ్లీ ఆవిరవుతుంది. అందుకు కావలసిన వేడిని తనలోంచే తీసుకుంటుంది కాబట్టి చల్లబడుతుంది. కింది చెమ్మ తొందరగా ఆరకపోవడానికి కారణం ఆ చల్లదనమే.

మరి బండకు పీడనం చూపే మీటరు ఒకటి బిగిస్తే సరిపోదా? సరిపోదు. లోపల ఒకే పదార్థం ఉంటే, ఉష్ణోగ్రత మారనంతవరకు, నిండు బండలోనూ గ్లాసెడు ద్రవం మిగిలిన బండలోనూ పీడనం ఒకటే. ద్రవం పూర్తిగా అయిపోయాకే ముల్లు కదులుతుంది. అప్పటికి తెలిసి ఏం లాభం?

అయితే మన బండలో ఉన్నది ఒకే పదార్థం కాదు. ప్రధానంగా రెండు: ప్రొపేన్, బ్యూటేన్. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది, బ్యూటేన్ సున్నాకు కాస్త అటూఇటూగా. 20 డిగ్రీల దగ్గర ప్రొపేన్ ఆవిరి పీడనం సుమారు 8.4 బార్లు (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత), బ్యూటేన్‌ది 2.1 మాత్రమే. రెండూ కలిసినప్పుడు ఎవరి వాటా ఎంత? ఇంటర్‌ రెండో ఏడాదిలో బట్టీ పట్టి వదిలేసిన రౌల్ట్ నియమం చెప్పేది ఇదే: ద్రవంలో తన అణువుల వాటా ఎంతో, ఒంటరిగా ఉంటే ఇచ్చే పీడనంలో అంత వంతే ఒక్కోటి ఇస్తుంది.

లెక్క కోసం సగం సగం ఉన్నాయనుకుందాం. ప్రొపేన్ 4.2, బ్యూటేన్ 1.05, మొత్తం సుమారు 5.25 బార్లు. ఇప్పుడు ఆవిరిని చూడండి. ద్రవంలో సగమే ఉన్న ప్రొపేన్ ఆవిరిలో 80 శాతం! అంటే కొత్త బండ పెట్టిన రోజు మనం మండించేది ఎక్కువగా ప్రొపేనే. రోజులు గడిచేకొద్దీ లోపల బ్యూటేన్ వాటా పెరుగుతూ పోతుంది. ద్రవంలో ప్రొపేన్ పదో వంతుకు పడిపోయేసరికి పీడనం 2.7 బార్లకు దిగుతుంది. విశాఖ రిఫైనరీలో ముడి చమురును విడదీసే ఎత్తైన గోపురాల్లో జరిగేదీ ఇదే సూత్రం మీద, కాకపోతే మళ్లీ మళ్లీ, అంతస్తు తర్వాత అంతస్తుగా.

ఇంట్లో ఈ తేడా మనకు తెలియదు. బండ లోపలి పీడనం ఎంతున్నా రెగ్యులేటర్ పొయ్యికి బయటి గాలి కంటే సుమారు 30 మిల్లీబార్లు (బారులో వెయ్యో వంతు మిల్లీబారు) మాత్రమే ఎక్కువ పీడనంతో అందిస్తుంది. పెళ్లి వంటల దగ్గర మాత్రం తెలుస్తుంది. కిలో గ్యాస్ ఆవిరి కావాలంటే, లీటరు చన్నీళ్లను మరిగే దాకా తెచ్చేంత వేడి కావాలి. పెద్ద పొయ్యి గ్యాస్‌ను అంత జోరుగా లాగుతుంటే బయటి గాలి ఆ వేడిని అందించలేదు. బండ అడుగున మంచు పేరుకుంటుంది, మంట నీరసపడుతుంది. నాలుగైదు బండలు ఒకే పైపుకు కలపడంలో కిటుకు ఇదే: ఒక్కో బండ మీద భారం తగ్గుతుంది, వేడి లాక్కోవడానికి గోడలు ఎక్కువవుతాయి.

లంబసింగి లాంటి చోట డిసెంబరు తెల్లవారుజామున, సున్నా దరిదాపుల్లో, వట్టి బ్యూటేన్ పీడనం బయటి గాలి పీడనంతో దాదాపు సమానం. ఇక బయటికి తోసేదేముంది? ప్రొపేన్ ముందే వెళ్లిపోయిన బండ అలాంటి చలిలో, లోపల గ్యాస్ ఉండీ మొరాయిస్తుంది.

అలాంటప్పుడు కొందరు బండను పడుకోబెడతారు. మంట ఒక్కసారిగా లేస్తుంది. పైకెళ్లేది ఆవిరి బదులు ద్రవం, లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల వాయువు! ఆ పని మాత్రం చేయకండి. ఎంత మిగిలిందో కచ్చితంగా కావాలంటే కాటా మీద పెట్టి, బండ మీద చెక్కిన ఖాళీ బరువు తీసేయండి. నిండుగా వచ్చినప్పుడు ఆ తేడా 14.2 కిలోలు. మా అమ్మకు ఈ లెక్క చెబితే, "కాటా ఎక్కడ పెడతావ్, వంటింట్లోనా?" అని మళ్లీ తడిగుడ్డే అందుకుంది.