తాగునీటి పరీక్షలు: అపోహలు - వాస్తవాలు

పల్లెల్లో తాగునీటిని పరీక్షించడం నా పని. వెళ్లిన ప్రతిచోటా వినపడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) తక్కువుంటే నీళ్లు మంచివే.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, దాన్నిబట్టి కరిగిన లవణాలను అంచనా వేయడమే టీడీఎస్ మీటర్ చేసే పని. బ్యాక్టీరియా దానికి అస్సలు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము మించకూడదు. టీడీఎస్ అంకె వందల్లో ఉంటుంది. అందులో ఇవి పెరిగినా ఎవరూ పసిగట్టలేరు. మీటర్ 150 మాత్రమే చూపిన బావిలోనూ మలం ద్వారా చేరే ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. 100 మిల్లీలీటర్లలో అది ఒక్కటి కూడా ఉండకూడదు.

అపోహ: కాచితే ఏ నీళ్లైనా తాగొచ్చు.

మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ మాత్రం పోవు. నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడతాయి. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో పసిబిడ్డలకు పాలపొడి కలపడం చాలా ప్రమాదం, దయచేసి కలపకండి.

అపోహ: భూమిలోంచి వచ్చే నీళ్లకు పరీక్షెందుకు?

ఫ్లోరైడ్, ఆర్సెనిక్ చాలాచోట్ల రాతిపొరల నుంచే నీటిలోకి వస్తాయి. చెరువు నీళ్ల రోగాలు తప్పించుకోవడానికి బంగ్లాదేశ్‌లో లక్షలాది గొట్టపు బావులు వేశారు. వాటిలో చాలావాటిలో ఆర్సెనిక్ ఉందని 1990ల్లో బయటపడింది.

అపోహ: ఏదో ఒక సీసాలో పట్టుకెళ్తే చాలు.

కూల్‌డ్రింక్ సీసాలో తెచ్చిన నీళ్లలో బ్యాక్టీరియా కనపడితే, అది నీటిదో సీసాదో చెప్పలేం. అందుకే క్రిములు లేకుండా శుద్ధి చేసిన సీసానే వాడాలి, మూత లోపల వేలు తగలకూడదు. క్లోరిన్ కలిపిన నీళ్లయితే సీసాలో ముందే క్లోరిన్ పనిని ఆపేసే సోడియం థయోసల్ఫేట్ వేసి ఉండాలి. లేకపోతే దారిలోనే క్లోరిన్ క్రిములను చంపేసి, లేని శుభ్రతను చూపిస్తుంది. నమూనాను ఐస్ పెట్టెలో పెట్టి, వీలైతే 6 గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి.

అపోహ: రిపోర్ట్ బాగుంది, ఇక నిశ్చింత.

ఆ రిపోర్ట్ ఆ రోజుకి, ఆ కుళాయికి మాత్రమే. తొలివానల తర్వాత మళ్లీ చూడాలి. ఇంట్లో నీళ్లు నిల్వ ఉంచే పాత్రలోంచి కూడా ఒక నమూనా తీయాలి. మూలం దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్లు చాలాసార్లు అక్కడే పాడవుతాయి.

అపోహ: క్లోరిన్ వాసనొస్తే నీళ్లు చెడినట్టే.

కాదు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర ఉండి చివరి ఇంటికి చేరేసరికి మాయమవుతుంటే, ముందు ఆ దారిలో పైపు లీకులు వెతకండి.